తువ్వాలు కింద కుదిరిన జీతం

జింజా, యుగాండా

పూజ్యులైన నాయనకు మీ పెద్దకొడుకు నాగరాజు మొక్కి రాసుకునేది. నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? తమ్ముడు ఇంజనీరు పరీక్ష పాసయ్యాడని చదివి సంతోషించాను. వాణ్ణి కూడా ఇక్కడికి పిలిపించమన్నారు. దానికే ఈ జవాబు.

ఇక్కడ రోజూ వాన. అరటికాయలు ఉడకబెట్టి, మెదిపి, అన్నంలా తింటారు. నాకేమో జొన్నరొట్టె మీదికే మనసు పోతుంది. అయినా బాగానే ఉన్నాను, అమ్మతో అట్లాగే చెప్పండి.

ఆదోని పత్తి బజారులో మీరు తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు నొక్కి ధర కుదురుస్తారు కదా. బొంబాయిలో నా జీతమూ అట్లాగే కుదిరింది. "ఊళ్లో ఎంత ఇస్తున్నారు?" అన్నాడు ఇక్కడి మిల్లు ఏజెంటు. గొప్పగా నిజం చెప్పేశాను. దానికి రెండింతలు ఇస్తామంటే పొంగిపోయాను. తీరా వచ్చి చూస్తే, ఇదే మిల్లులో ఇదే పని చేసే ఇంగ్లీషు ఇంజనీరు జీతం ముందు నాది చిల్లర. మిల్లు నడిపే దొరను అడిగాను.

"తక్కువిస్తే అతను వాళ్ల దేశం పోతాడు. అక్కడ అంత ఇచ్చేవాళ్లున్నారు. నువ్వు పోతే ఎవరిస్తారు?" అన్నాడు.

ఈ ఊరి ఇంజను మేస్త్రీకి నాకంటే తక్కువ. వాడికి పోవడానికి వేరే చోటే లేదు. మీరైనా పింజ లాగి, నాణ్యం చూసి దూదికి ధర కడతారు.

నా గదిలో ఎమ్మిగనూరు ఈరన్న ఉండేవాడు, నాలాంటి ఇంజనీరే. నేను ఉడికిపోతుంటే నవ్వేవాడు. "పనికి గాదన్నా వీళ్లు జీతమిచ్చేది. యాడ పుట్టినామో దానికిస్తాండారు. నోరు మూసుకోని తిను."

పోయిన నెల బాయిలరు గొట్టం పగిలి, ఆవిరి మీద పడి ఈరన్న చనిపోయాడు. వాళ్లమ్మకిచ్చే పరిహారం కూడా మన ఊళ్ల జీతాల లెక్కనే కడతారట. చచ్చినా అదే ధర నాయనా. దొర మొహాన ఉమ్మాలనిపించింది. ఉమ్మలేదు, పనికి పోయాను.

మీ జాబు అందిన రోజే తమ్ముడి సంగతి దొర చెవిన వేసి ఉన్నాను. మొన్న పిలిచి, "ఈరన్న చోటు ఖాళీగా ఉంది. నీ తమ్ముడు ఎంతకు వస్తాడు?" అని అడిగాడు. బేరం పొసగనప్పుడు మీరు తువ్వాలు కిందనుంచి చెయ్యి లాగేసుకుంటారే, అట్లా చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడ్డాను.

కోపం చేసుకోకండి. వీలు చూసుకొని ఎమ్మిగనూరు పోయి ఈరన్న అమ్మను పలకరించి రండి. ఎట్లా పోయాడని అడిగితే, నొప్పి తెలియకుండా పోయాడని చెప్పండి. అవ్వకు, చిన్నాయనకు నా నమస్కారాలు.

గదిలో ఈరన్న మంచం అట్లాగే ఉంది. కొత్తవాడు వస్తాడని దుప్పటి మార్చారు. తమ్ముణ్ణి దాని మీద పడుకోబెట్టలేను నాయనా.

మీ పాదాలకూ అమ్మ పాదాలకూ మొక్కుతూ,
మీ కొడుకు
నాగరాజు