రత్నమ్మ కారు బెల్టు, నేనన్న మాట

బళ్ళారి,
సెలవు దినం, మధ్యాన్నం.

సరోజక్కకు,

నీ తమ్ముడు రామాంజి చేతులెత్తి మొక్కి రాసేది. ఒళ్ళు వరకూ చూస్తే నేను ఈడ బాగానే ఉండా. యాళకు తింటాండా, పనికి పోతాండా, దాని గురించి నువ్వేమీ బెంగ పెట్టుకోవద్దు. మనసు సంగతి కింద రాస్తా. నువ్వెట్లుండావు? బావ నడుం నొప్పి తగ్గిందా? ఎనుము ఈనిందా? కొత్త బోరులో నీళ్ళు నిలబడినాయా? పక్కింటి లచ్చుమక్క, ఆయమ్మ మనవరాలు అంతా క్షేమమే కదా. అందర్నీ అడిగినానని చెప్పు.

ఫోనుండంగా ఈ ఉత్తరమేందిరా అనుకుంటావు. ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతాడు, ఇంటిల్లిపాదీ ఇంటారు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాల్సిన సంగతి. నేను ఒక పెద్దామెను ఒక మాట అన్నా. ఆ మాట నీకు చెప్పల్ల. చెప్పినాక నువ్వు నాతో ఎప్పటి మాదిరి మాట్లాడతావో లేదో తెలీదు. ఆ భయానికే రాసిన కాగితం చించేసి మళ్ళా మొదలుపెట్టినా.

ముందు మంచి సంగతులు రాస్తా. జీన్స్ ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్లు రిపేరు చేసే పని కుదురుగానే ఉండాది. ఆడోళ్ళూ మగోళ్ళూ వరసగా మిషన్ల ముందర కూర్చోనుంటారు, ఏ మిషను ఆగినా "రామాంజప్పా, బా ఇల్లి" అని, ఇటు రమ్మని కేకేస్తారు. ఆ గుడ్డ దుమ్ముకు నా ముక్కులో కూడా నీలం రంగే. ఎండ మన ఊరి ఎండే గానీ, ఈడ గుట్టలన్నీ కాగి పొద్దుమునిగినా సెగ తగ్గదు. పొద్దున మండక్కి ఒగ్గరణె తింటా. మన ఉగ్గానే అది, పేరు మాత్రం వేరే. నీ చేతి ఎర్రకారం ఒకటి తక్కువ దాంట్లో. ఎవరన్నా ఇటు వస్తే ఒక డబ్బాలో వేసి పంపు. ఈ ఉత్తరం చదివినాక కూడా పంపాలనిపిస్తేనే పంపు.

కంటోన్మెంటు పక్క ఒక సందులో బాడిగకుండానని చెప్పింటి కదా, ఆ ఇల్లు రత్నమ్మ అనే ఆమెది. తెలుగోళ్ళే, తాతల కాలం నుంచి బళ్ళారి బజార్లో బట్టల యాపారం చేసినోళ్ళు. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. నేను వచ్చిన కాడ్నుంచి నన్ను కడుపులో పెట్టుకోని చూసింది. సాయంత్రం గేటు చప్పుడైతే చాలు, "ఊట ఆయ్తా అప్పా?" అని అన్నం సంగతి అడుగుతాది. తినలేదంటే ఇంగ వదలదు. వీధిలో ఎవరన్నా నన్ను చూపించి అడిగితే "మా పిల్లోడు" అంటాంది. మొదట్లో ఈ ఊర్లో నాకు మాట్లాడే దిక్కు లేదు, ఆదివారమొస్తే గోడలు చూసుకుంటా కూర్చుంటాంటి. ఆయమ్మ లేకపోతే ఎప్పుడో మూట కట్టుకోని వచ్చేసింటి.

ఆయమ్మ మొగుడు వాడిన పాత కారొకటి రేకుల షెడ్డులో ఉండాది. స్టార్ట్ చేస్తే దగ్గి దగ్గి ఆగిపోతాంది. హచ్చొళ్ళి అనే ఊర్లో ఆయమ్మ చెల్లెలుండాది, ఆమెకు ఒంట్లో బాగలేదు. రత్నమ్మ మోకాళ్ళకు బస్సు ఎక్కను కాదు, బాడిగ కారంటే వద్దంటాది. "ఆయన బండ్లోనే పోయి చెల్లెల్ని చూసొస్తానప్పా" అని ఒకటే మాట. ఒక మెకానిక్కు వచ్చి చూసి, టైమింగు బెల్టు పాడైంది, మా షెడ్డుకు లాక్కోని రావల్ల అన్నాడు. ఈ బెల్టేందంటే, ఇంజనులో కింది చక్రాన్నీ పై చక్రాన్నీ కలిపి తిప్పేది. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా ఇంజను మొరాయిస్తాది. నేను ఊరుకుంటినా? దినామూ కుట్టుమిషన్లకు బెల్టులు మార్చేటోణ్ణి, ఇదెంత, ఇంట్లోనే చేస్తా అంటి. నా గొప్పలు నీకు కొత్త కాదు కదా.

ఫోన్లో వీడియోలు చూసి మొదలుపెట్టినా. కింది చక్రం బోల్టు తుప్పు పట్టి కరుసుకోనుంది. తుప్పు వదిలే నూనె కొట్టి నానబెడితి. పానాకు పొడుగు పైపు తొడిగి గుంజితే ఇంజనే తిరుగుతాది గానీ బోల్టు రాదు. గేరులో పెట్టి ఎవరన్నా బ్రేకు తొక్కి పట్టల్ల. ఎవరుండారు? రత్నమ్మే కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోని, మోకాళ్ళు పట్టుకోని సీట్లో కూర్చుంది. "తొక్కినానప్పా, లాగు" అంటాది. నేను కింద పండుకోని గుంజుతా. ఆయమ్మకు నొప్పి, నాకు చెమట. టప్పుమని వదిలింది, ఇద్దరం నగినాము. చక్రం మాత్రం ఇంకా అంటుకోనే ఉండె. కట్టె అడ్డం పెట్టి ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం సుతారంగా కొట్టి కొట్టి ఊడదీస్తి. బెల్టును బిగువుగా పట్టే చిన్న చక్రముంటాది, దాని బోల్టు తల అరిగిపోయింటే ఉలి పెట్టి తిప్పల్సి వచ్చె. అంతసేపూ టార్చి పట్టుకోని నిలబడింది ఆయమ్మే.

పాత బెల్టు తీసే ముందు చక్రాల మీదా ఇంజను మీదా తెల్ల రంగుతో చుక్కలు పెట్టి, ఫోన్లో ఫోటో తీసుకుంటి. కొత్త బెల్టు ఆ చుక్కల కాడికే కలపల్లని. కంపెనీ వాళ్ళు వేసిన గుర్తులు ఉంటాయంట. గ్రీసూ మన్నూ పేరుకోని ఏమీ కనపడలే, నేనూ తుడిచి చూడలే. పాత బెల్టు ఊడదీసి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి పనికి పోయినా.

సాయంత్రం వచ్చి చూస్తే ఇంజను మెరుస్తాంది. కిరసనాయిలు గుడ్డతో చక్రాలన్నీ తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, ముందర నిమ్మకాయ కూడా పెట్టింది. శుక్రవారం కదా. "నీళ్ళు పోయకుండా దేవునికి కొత్త బట్ట కడతామా అప్పా, దీనికీ అంతే" అంటాది నగుతా. నా చుక్కలు ఒక్కటీ లేవు. చక్రాలు కూడా కదిలిండాయి.

ఆ పొద్దు ఫ్యాక్టరీలో సూపర్వైజరు నన్ను నలుగురిలో తిట్టిండె, ఆ మంట కడుపులో ఉండె. తప్పించుకునేదానికి రాయలేదక్కా, జరిగింది రాస్తాండా అంతే. ఫోటో ఉందన్న సంగతే నాకు గుర్తు రాలే. "ముట్టుకోవద్దంటే ముట్టుకుంటివి. ఒక్క బిడ్డను కనుంటే తెలిసేది నీకు, ఇంకొకరు పడే కష్టమేందో" అన్నా. గట్టిగానే అన్నా. గోడవతలోళ్ళు కూడా ఇన్నారు.

ఆయమ్మ నన్ను తిట్టలేదు, ఏడవలేదు. చేతిలో గుడ్డను మడిచి, విప్పి, మళ్ళా మడిచింది. "సరే, ఆయ్తప్పా" అని లోపలికి పోయింది. ఆ పొద్దు తిన్నావా అని అడగలేదు. నేనూ తినలేదు.

ఏ మాటో ఇప్పుడు తెలిసింది కదక్కా. అమ్మ పోయినాక నా చెయ్యి పట్టుకోని నన్ను మీ అత్తగారింటికి తెచ్చుకుంటివి. మీ అత్త వాకిట్లో నిలబడి, కనలేనిది ఇంకొకరి బిడ్డను సాకుతాదంట అని వీధికంతా ఇనపడేట్టు అన్న దినం, నేను ఆయమ్మ మీదికి చెంబెత్తినా. నువ్వే అడ్డం పడి ఆపితివి. ఆ దినం నుంచి ఆయమ్మతో నాకు మాటల్లేవు. అట్లా మాట అన్నోళ్ళ నోరు పడిపోవల్లని మొక్కుకున్నోణ్ణి నేను. అదే మాట నా నోట్లోంచి వచ్చె, వెతుక్కునే పని కూడా లేకుండా వచ్చె. నీ చేతి ముద్ద తిని పెరిగిన నోరక్కా ఇది. సిగ్గుతో చచ్చిపోతాండా.

ఇంగా ఇనల్ల నువ్వు. మరుసటి దినం పని మానుకోని ఇంజను ముందర కూర్చుంటి. ఆయమ్మ పెట్టిన పసుపు పక్కనే, చక్రం మీద సన్నని గీత ఒకటి, ఇంజను ఒంటి మీద ఇంకొకటి. అవే కంపెనీ గుర్తులు. ఆయమ్మ గ్రీసు తుడిస్తేనే బయటపడినాయి. అప్పుడు ఫోన్లో పాత ఫోటో తెరిచి పక్కన పెట్టి చూస్తే, నా చుక్కలు ఒక పన్ను తప్పు. పాత బెల్టు ఎప్పుడో జారిండాది, కారు దగ్గేది అందుకే. ఆ తప్పుకే నేను చుక్కలు పెట్టి కాపాడుకుంటాంటి. ఆయమ్మ తుడవకపోయింటే కొత్త బెల్టూ తప్పుగానే వేసుంటి.

గీతలు కలిపి బెల్టు వేసి, బిగువు చూసి, తాళం జోలికి పోకుండా ముందు పానాతో ఇంజనును చేత్తోనే తిప్పినా. గీతలు మళ్ళా ఎదురెదురుగా వచ్చి నిలబడె. తాళం తిప్పితే ఒక్క దెబ్బకే ఇంజను లేసె. వాకిలి కాడికి పోయి, "నువ్వు తుడిచిందే మంచిదాయెనమ్మా, తప్పు నాదే" అంటి. "బండి లేసింది కదా, అంతేలేప్పా" అనె. నా మొగం చూడలే.

హచ్చొళ్ళికి నేనే తోలుకోని పోతి. ముందర సీట్లో కూర్చోని దావంతా మాట్లాడుకుంటా పోదామని ఎన్నో మార్లు చెప్పిండె. ఆ దినం వెనక కూర్చుంది. సిరుగుప్ప దాటినాక కాలవ పక్క నాట్లేస్తాండ్రి, ఎంత పచ్చగుండాదో చూడమ్మా అంటే "ఊ" అనె. చెల్లెలి ఇంట్లో ఇద్దరూ చేతులు పట్టుకోని శానాసేపు ఏడ్సిరి. నాకు కొంచెం తేలికాయె. అంతలో ఆ చెల్లెలు నా తట్టు చూసి "ఎవురక్కా ఈయప్ప?" అనె.

"మా ఇంట్లో బాడిగకుంటాడు" అనె రత్నమ్మ.

అబద్ధం కాదు కదా. నేను బయటికొచ్చి కారు కాడ నిలబడితి. మజ్జిగ ఇచ్చి పంపిరి, గ్లాసు కారు మీదనే పెట్టేస్తి.

తిరిగొచ్చేటప్పుడు టీ అంగడి కాడ ఆపినా. గ్లాసు ఆయమ్మ చేతికిచ్చి, ఇంగ ఉండబట్టలేక చెప్పేస్తి. "మా అక్కకూ పిల్లల్లేరమ్మా. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమే. ఆమెను ఎవరన్నా ఆ మాట అంటే నేను కొట్టను పోయినోణ్ణి. నిన్ను నేనే అంటి. నన్ను మన్నించు" అన్నా. టీ తాగేటోళ్ళంతా చూస్తాండ్రి, నాకు కండ్లల్లో నీళ్ళు ఆగలేదు.

ఆయమ్మ టీ అంతా తాగింది. గ్లాసు నా చేతికిచ్చి, "నాకెందుకు చెప్తావప్పా. నేను ఇట్లాంటివి ఎన్నో ఇన్నా, ఇదీ పోతాది. నువ్వన్నది నన్నొక్కదాన్నే కాదు. పోయి మీ అక్కకు చెప్పుకో" అనె. ఇంటికి వచ్చి, గడప దాటతా నిలబడి, "చెప్పినాక నాకు చెప్పు" అనె. 

చెప్పినా అక్కా. రత్నమ్మ చెప్పకపోయింటే నేను నీకు చెప్పేటోణ్ణి కాదేమో. అది కూడా సిగ్గే, రాస్తాండా. నువ్వు ఫోన్ చేస్తే తిట్టేదానికే చెయ్యి. పోనీలేరా అని మాత్రం అనొద్దు, ఆ మాట నేను తట్టుకోలేను. శానా దినాలు చెయ్యకపోయినా నేనేమీ అనుకోను. బావకు ఈ కాగితం చూపిస్తావో దాచుకుంటావో నీ ఇష్టం, ఆయనకు నా నమస్కారాలు. లచ్చుమక్కకు కూడా. నీ దీవెన అడిగే మొగం నాకు లేదు, అయినా నువ్వు తప్ప అడిగేదానికి నాకెవరుండారు.

మీ అత్తకు నా నమస్కారం చెప్పు. ఇన్నేండ్లలో ఫోన్లో కూడా ఆయమ్మ బాగోగులు నేను అడిగింది లేదు. ఇప్పుడు అడుగుతాండా, ఒళ్ళెట్లుండాది ఆయమ్మకు? ఎక్కిరించేదానికి రాయలేదక్కా. ఆయమ్మ మీదికి చెయ్యెత్తే యోగ్యత నాకు లేదని ఇప్పుడు తెలిసింది, ఆ సంగతి కూడా చెప్పు.

నువ్వు సాకినోడు,
రామాంజి