ఐమూల గోడలు

మార్చి 9, ఆదివారం.
ఈ పూట అయిన పనులు: దుప్పట్లు ఉతికి ఆరేశాను. పొయ్యి కడిగాను. మీ నాన్న చొక్కాలకు ఊడిన బొత్తాలు కుట్టాను. నీ అట్టల బిల్డింగు మోడల్ పెట్టెలో సర్ది తాడు కట్టాను. మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టాను.

చిరంజీవి గువ్వకి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న మోకాలు ఒక్కటే కులాసాగా లేదు, కానీ దాని సంగతి ఆయనే వీధి వీధంతా చెబుతున్నారు కాబట్టి నేను వేరే రాయను. నువ్వూ వేళకి తింటూ, కాస్త నిద్రపోతూ ఉన్నావనే అనుకుంటున్నాను.

ముందు ఒక మాట. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా పెట్టె మూత తీయకు. ఉత్తరం చదివించాకే పెట్టె నీ చేతికివ్వమని మీ బాబాయికి చెప్పాను. "ఏం వదినా, లోపల పామునేమైనా పెట్టావా?" అన్నాడు. రేపు రాత్రి బస్సెక్కి మంగళవారం పొద్దున్నే నీ హాస్టల్ దగ్గర దిగుతాడు. నీ జ్యూరీ, అదే మీ మాస్టార్లు మోడల్ చూసి ప్రశ్నలు వేసే పరీక్ష, గురువారం. ఈసారి పోతే ఆ సబ్జెక్టు మళ్ళీ ఏడాదంతా చెయ్యాలన్నావు, అది నేను మర్చిపోలేదు. మధ్యలో రెండు రోజులున్నాయి, అదే నా ధైర్యం. ఇదంతా ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ నువ్వు మొదటి మాటకే అరుస్తావు, రెండో మాట నా నోట్లోనే ఉండిపోతుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగైంది. వస్తానన్న రోజుల్లో రాని ప్లంబరు, రానన్న రోజు వచ్చి బాగుచేసి వెళ్ళాడు. నీ నీలం స్వెట్టరు దొరికింది, మోడల్ కదలకుండా చుట్టూ దాన్నే కుక్కాను. మీ నాన్నకి గుండె దగ్గర మళ్ళీ నొప్పి ఏమీ రాలేదు. మందులు నేనే లెక్కపెట్టి ఇస్తున్నాను. ఆపరేషన్ అయి ఏడాది దాటింది కదా, ఇక మెట్లెక్కచ్చని డాక్టరు అన్నారు. అప్పటినుంచీ పని లేకపోయినా ఎక్కుతున్నారు.

ఇక మోడల్ సంగతి. నీ బిల్డింగులతో మాకు మొదటినుంచీ తంటానే. ఆర్కిటెక్చర్‌లో చేరిన మొదటి ఏడాది కప్పు లేని లైబ్రరీ గీశావు. "వానొస్తే పుస్తకాలేం కావాలే?" అన్నందుకు మీ నాన్నతో మాటలు మానేశావు. తర్వాత అంతా మెట్లే ఉన్న ఇల్లు. "ఇందులో చీపురు ఎక్కడ మొదలుపెట్టాలి?" అని నేనడిగితే, "అది కాన్సెప్ట్ అమ్మా, ఊడవక్కర్లేదు" అన్నావు. ఊడవక్కర్లేని ఇల్లు నాకెంత నచ్చిందో నీకు చెప్పనే లేదు.

ఈసారిది ఆస్పత్రి పక్కన, రోగుల తాలూకు మనుషులు కాచుకుని కూర్చునే చోటు అన్నావు. అంతకుమించి అడిగితే, "చూడగానే తెలియాలమ్మా, చెబితే ఇంకెందుకు?" అన్నావు. చూశాను, బాగుందన్నాను. నిజానికి అప్పుడు నా కళ్ళు పొయ్యి మీది పాల మీద ఉన్నాయి.

నువ్వు పంపమన్నావు కదా అని శుక్రవారం దాన్ని అలమర పైనుంచి దించాను. దుమ్ము తుడుస్తుంటే ఒక అట్టగోడ ఊడి చేతిలోకి వచ్చింది. తక్కినవి చూస్తే ఏ గోడా పక్కదానితో సమంగా లేదు. ఒకటి అటు తిరిగి, ఇంకొకటి ఇటు తిరిగి, అన్నీ ఐమూలగా ఉన్నాయి. సెలవులకి తెచ్చేటప్పుడు బస్సు కుదుపులకి కదిలిపోయాయి కాబోలు అనుకున్నాను. నా సంగతి నీకు తెలుసు కదా, డబ్బాలు ఎత్తువారీగా లేకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడదు. అన్నీ మెల్లగా ఊడదీసి, స్కేలు పెట్టి, వరసగా నిలబెట్టి జిగురు పూశాను. నీ కాగితం మనుషుల్ని కూడా బెంచీలతో సహా ఎదురుబొదురుగా కూర్చోబెట్టాను.

అవును గువ్వా, నేనే. మూత ఇంకా తీయలేదు కదా?

మెచ్చుకుంటారని మీ నాన్నని పిలిచాను. కళ్ళజోడు పెట్టుకుని బల్ల చుట్టూ తిరిగారు.

"ఇది అదేనా? బస్టాండులా ఉందేమిటి?"

"సర్దానండీ."

"సర్దావా! అదేమన్నా చెప్పుల స్టాండా? పిల్ల నిన్ను నమిలి మింగేస్తుంది."

"కదిలిపోయినవి నిలబెట్టడం కూడా తప్పేనా?"

"కదిలాయని నీకెవరు చెప్పారు? మరి ఇవేమిటి?" అని వేలు పెట్టి చూపించారు.

నేను నిలబెట్టిన గోడల కిందనుంచి సన్నటి పెన్సిల్ గీతలు బయటికొచ్చి కనిపిస్తున్నాయి. ఊడదీసేటప్పుడు అవి జిగురు చారలనుకున్నాను. గోడకొక గీత, అన్నీ ఐమూలగానే. నువ్వు కొలిచి గీసినవి.

ఇక ఆ మధ్యాహ్నమంతా బ్లేడు పట్టుకుని మళ్ళీ ఊడదీశాను. రెండు గోడలు చిరిగాయి. చొక్కా పెట్టె అట్ట కోసి వాటి బదులు పెట్టాను, రంగు కాస్త పసుపు. తక్కినవన్నీ నీ గీతల మీదే నిలబెట్టి, బెంచీలనీ మనుషుల్నీ ముందున్నట్టే గోడల వెంబడి పెట్టాను. మీ నాన్న టార్చి పట్టుకుని మేస్త్రీలాగా "ఎడమకి, ఇంకాస్త, ఆగు, ఎక్కువైంది" అంటూనే ఉన్నారు.

చివరి గోడ ఆరేదాకా వేలితో ఒత్తి పట్టుకోవాల్సి వచ్చింది. నడుము నొప్పెట్టి, బల్ల మీద గడ్డం ఆనించాను. అప్పుడు నా కన్ను నీ బెంచీల ఎత్తుకి వచ్చింది. మొదటిసారి లోపలికి చూశాను. ప్రతి మనిషి పక్కనా ఇంకో మనిషి ఉన్నాడు. గోడ ఐమూలగా అడ్డొచ్చి భుజం కనిపిస్తుంది, మొహం కనిపించదు.

మీ నాన్న ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలో కుర్చీలు ఎదురుబొదురుగా ఉన్నాయి. పొద్దుటినుంచీ నువ్వు నా మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. అందుకని ఆ మొహాన్ని కూడా సర్దిపెట్టుకుని కూర్చున్నాను. రసీదులు వరసలో పెట్టాను, మడిచిన బట్టలే మళ్ళీ మడిచాను. అమ్మ రాయిలా కూర్చుందని తర్వాత బాబాయితో అన్నావు. కిందటి ఉత్తరంలోనూ, "నీ ధైర్యం నాకు రాలేదమ్మా, జ్యూరీ అనుకుంటేనే చేతులు వణుకుతున్నాయి" అని రాశావు.

అది ధైర్యం కాదు గువ్వా. లేచి నిలబడితే పడిపోతానని మంచినీళ్ళకి కూడా లేవలేదు. నువ్వు ఎదురుగా లేకపోతే ఏడ్చేదాన్ని. అలాగని నువ్వు అక్కణ్ణుంచి వెళ్ళిపోతే ప్రాణం పోయేది. నువ్వు పక్కనే ఉండాలి, నన్ను చూడకూడదు. నువ్వు కట్టింది అదేగా?

ఇప్పుడు మూత తియ్యి. పసుపు గోడలు రెండూ గుమ్మం పక్కనే ఉన్నాయి. నిన్న కొని కొలతకి కోసిన తెల్ల అట్ట అడుగున పెట్టాను, మార్చాలనుకుంటే మార్చు. మిగతావి గీత తప్పాయేమో ఒకసారి చూసుకో. తిట్టాలనుంటే సాయంత్రం వంటయ్యాక ఫోన్ చెయ్యి, తిట్లన్నీ తీరిగ్గా తింటాను. ఒక్కటి మాత్రం విను. చూడగానే తెలియాలని జ్యూరీలో ఊరుకోకు. చూడగానే మీ అమ్మకే తెలియలేదు. కుర్చీలు వేసి, వంగి బెంచీ ఎత్తులో చూడమని వాళ్ళకి చెప్పు. చేతులు వణికితే వణకనీ, నోరు మాత్రం తెరువు.

ఆ వరండాలో ఆపుకున్న ఏడుపు ఒకటి ఇన్నాళ్ళూ నా లెక్కలో మిగిలిపోయింది. శుక్రవారం గోడ మీదనుంచి వేలు తీయడానికి లేదు, కళ్ళు తుడుచుకోవడానికీ లేదు. మీ నాన్న చూశారు. టార్చి ఆర్పేసి, కుర్చీ నా పక్కకి లాక్కుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. గోడ ఆరేదాకా అలాగే ఉన్నారు.

ఆ బాకీ తీరింది.

ఇట్లు,
నీ గోడలు పడగొట్టి నిలబెట్టిన
అమ్మ