వారం వారం సూది

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఊరి డాక్టరువి కదా, మూడు వారాలకోసారి గొర్రెల దొడ్డి వెనక నాకు చాటుగా టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను సూది వేసేవాడివి. మూడో వారానికల్లా మందు పని తగ్గి ఒకచోట కూర్చోలేక, ఊరికే అందరి మీదా అరిచేవాణ్ని. నువ్వు మంచాన పడ్డప్పటి నుంచి సూది వేస్తున్న సూర్యాపేట డాక్టరమ్మ, ఇప్పుడు కొంచెం కొంచెంగా వారానికోసారి ఇంట్లోనే వేసుకోమంది. ఇంట్లో వేసేదెవరు? నా భార్య పద్మకు ఈ సంగతే చెప్పలేదాయె. నిన్న సిరంజి జేబులో పెట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే తనే చెయ్యి చాపింది.

"బావ మంచంబట్టినంక నాకు నేర్పిండు, ఆనపకాయకు నీళ్ల సూదేయించి. నువ్వే చెప్పేదాక అడగొద్దన్నడు. ఇగ ఆగుడు నాతోని కాదు, కూసో."

నీ ఆఖరి ఎండాకాలమంతా మా ఇంట్లో రోజూ ఆనపకాయ కూరే ఎందుకుండేదో ఇప్పుడు తెలిసింది, అన్నా.