పటంలో లేని థ్రిమ్‌సీలు

ఎడ్గార్ గారికి,

ఇన్నాళ్ళూ అన్నయ్యా అని రాశాను. ఇక రాయను.

థ్రిమ్‌సీ అనే ఇంటిపేరు ఇంగ్లండులో ఎక్కడెక్కడుందో చూపిస్తూ మీ పుస్తకం కోసం మీరు గీసిన పటంలో, కెంట్‌లోని మీ ఇళ్ళన్నీ ఉన్నాయి. థ్రిమ్‌సీ ఊళ్ళోనే ఉన్న మా ఇల్లు లేదు. ఆదివారం డోర్కస్ అత్త భూతద్దంతో వెతికి, "మా ఇల్లేదిరా?" అంటే, ఆవిడ పోసిన టీ తాగుతూనే మీరు, "మీ తాత చర్చి గుమ్మంలో దొరికిన బిడ్డ. ఊరి పేరు తగిలించారంతే. మీరు అసలు థ్రిమ్‌సీలు కారత్తా" అన్నారు.

ఆ పూట ఆవిడ రొట్టె ముట్టలేదు. తెల్లారాక మాత్రం మండిపడింది. "వాడి ముత్తాతకు మాత్రం ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందే? ఈ ఊరిచ్చిందే కదా! వాళ్ళు పేరు పట్టుకుని కెంట్‌కు పోయారు. మనం ఊరిని పట్టుకుని ఉన్నాం."

పుస్తకం అచ్చుకు వెళ్ళేలోగా మా ఇల్లు పటంలో పెట్టండి. ఆవిడకు మీరే వచ్చి చూపించండి. అందాకా మా గుమ్మం తొక్కకండి.

ఇట్లు,
మీకేమీ కాని థ్రిమ్‌సీ ఇంటి ఆడపడుచు