ఏనుగు కోసిన ఫిల్మ్

జూన్ 9
మళ్లీ స్కాన్. ఎడమ కిడ్నీలో క్యాన్సర్ అని దాన్ని తీసేసి రెండేళ్లు దాటింది. అయినా తిరగబెట్టిందేమో చూసుకోవాలి కాబట్టి ఈ పట్నం ప్రయాణం తప్పదు. పొద్దున్నుంచి చాయ్ కూడా లేదు. పోచంపల్లి బస్సులో మా ఆయన నా భుజం మీదే నిద్రపోయాడు. తోడు వచ్చింది ఎవరికో మరి... సూదిమందు ఎక్కగానే ఒళ్లంతా వేడి. ఊపిరి పట్టమంటుంది మెషీన్. నేనెవరి మాటా ఇంత బుద్ధిగా విని ఉండను.

జూన్ 10
నీళ్లు తాగుతూనే ఉన్నాను. ఆ మందంతా బయటికి పంపాల్సింది ఉన్న ఒక్క కిడ్నీయే.

జూన్ 12
రిపోర్టు వచ్చింది. కిడ్నీ తీసిన చోట ఏమీ లేదు. ఊపిరితిత్తిలో మాత్రం చిన్న చుక్క. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పింది — పాతదైతే భయం లేదట, కొత్తదైతే ఆలోచించాలట. పోయినసారి ఫిల్మ్ తెమ్మంది, పక్కపక్కన పెట్టి చూస్తుందట. అప్పుడు తీసిన స్కాన్ సెంటర్ మూతపడింది. ఇంట్లో ఉన్న ఫిల్మే దిక్కు.
భయం వేస్తోంది. ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

జూన్ 13
బీరువా అంతా వెతికాను. కవరుంది. ఊపిరితిత్తుల ఫిల్మ్ లేదు. ఆయన మగ్గం దిగడు, తల ఎత్తడు... అప్పుడే అనుమానం వచ్చింది. చివరికి నోరు విప్పాడు.
"ఏనుగు అచ్చు కోసిన. పాతదే గదా, ఇగ పనికిరాదనుకున్న."
అచ్చు కోసి నూలు మీద బొమ్మ గీసుకోవడానికి మా వీధిలో పాత ఎక్స్‌రే కనబడితే ఎవరూ వదలరు. గట్టిగా ఉంటుంది, తడికి పాడవదు. నేనూ అడిగి తెచ్చినదాన్నే. అయినా కోపం ఆగలేదు. కోయడానికి నా ఊపిరితిత్తులే దొరికాయా? అన్నం పెట్టి లేచి వచ్చేశాను.

జూన్ 14
కోయగా మిగిలిన ముక్క మగ్గం గుంటలో దొరికింది. ఏనుగు మా మరిది ఇంటికి అరువు పోయింది. ఆయనే వెళ్లి తెచ్చాడు. నిండా ఎర్రరంగు. ఆయన తడిబట్టతో తుడవబోయాడు. నేనే తీసుకుని తుడిచాను.
"గీకకు... జర మెల్లగ."
ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది జాగ్రత్త. నవ్వొచ్చింది. టేపుతో అతికించి కిటికీకి ఆనించాం. వరసగా నా ఊపిరితిత్తులు, మధ్యలో ఏనుగు. ఇద్దరం వెతికాం. మా కంటికి అన్నీ చుక్కలే.

జూన్ 16
డాక్టరమ్మ ఫిల్మ్‌ను చూసి ఆయన్ని చూసింది. వెలుగులో పెట్టి, ఏనుగు కడుపు దగ్గర వేలు ఆనించింది.
"ఇదిగో అమ్మా, అప్పుడు కూడా ఉంది."
ప్రాణం లేచి వచ్చింది. కానీ కత్తెర సరిగ్గా ఆ చుక్క మీదుగానే పోయింది. అప్పుడు ఎంత ఉండేదో కొలవలేనంది. పెరుగుతోందో లేదో తెలియాలంటే మూడు నెలలకు మళ్లీ తీయాలి.
బస్సులో ఆయన నిద్రపోలేదు.

జూన్ 17
కొత్త ఫిల్మ్ బీరువాలో పెట్టి తాళంచెవి నా చేతికిచ్చాడు. నేను అడగలేదు.
ఏనుగుల చీరలకు నూలు సాగదీసి కూర్చున్నాం. అచ్చు లేదు కాబట్టి చేత్తోనే గీశాడు. తొండం వంకర పోయింది. చెరపబోతే వద్దన్నాను. రంగు అంటకుండా గీత వెంటే రబ్బరు చుట్టి కట్టడం మొదలుపెట్టాను. ఈ చీరలన్నీ మగ్గం దిగేసరికి మూడు నెలలు పడుతుంది, అప్పటికి స్కానూ వస్తుంది.
"ఆఖరు చీర అమ్మొద్దు. నాకుంచు," అన్నాను.
తల ఊపాడు. నూలు చివర ముడేసి గుర్తు పెట్టుకున్నాడు.