ఆ పలకకి ప్రైమర్ పూసింది నేను

నాన్నకి,

ఎదురుగా నిలబడి చెప్పడానికి మొహం చెల్లక నీ చిన్నది రాస్తున్న ఉత్తరం. అత్తయ్యకి చదివి వినిపించకు. ముందు నువ్వొక్కడివే చదువు.

మనం కండక్టరు గారికి చేసిచ్చిన రబ్బరు చెవి ఊడిపోవడం నీ తప్పు కాదు. నాది.

ఆ రోజు నువ్వు ఆరు ప్లాస్టిక్ పలకలకి రబ్బరు పట్టుకునేలా ప్రైమర్ పూసి, బల్ల మీద ఆరబెట్టి భోజనానికి వెళ్ళావు. వాటిని కిటికీ పక్కకి జరుపుతుంటే ఒకటి నా చేతిలోంచి జారి పగిలింది. అది కండక్టరు గారి రబ్బరు చెవికి వెనక అతికి, తలకి తగిలించుకునే పలక. దాని జతది ఇంకోటి సొరుగులో ఉంది. తీసి గరుకు కాగితంతో రుద్దాను, స్పిరిట్‌తో తుడిచాను. అంతవరకూ నువ్వు నేర్పినట్టే చేశాను. తీరా చూస్తే ప్లాస్టిక్‌కి పూసే సీసా ఖాళీ. అడుగంటిందని నువ్వు వారం ముందే చెప్పావు. తెప్పించాల్సింది నేను, మరిచిపోయింది నేను. పక్కన లోహానికి పూసే సీసా నిండుగా ఉంది.

‘సిలికాన్ రబ్బరు మహా పొగరుమోతు. మధ్యవర్తి లేనిదే ఎవరితోనూ కలవదు. ఇనుముతో మాట్లాడే మధ్యవర్తి వేరు, ప్లాస్టిక్‌తో మాట్లాడే మధ్యవర్తి వేరు’ అని నువ్వు ఎన్నిసార్లు చెప్పలేదు? తెలిసే ఆ సీసా తీశాను. మందు తప్పయినా మోతాదు పెంచితే పనిచేస్తుందన్నట్టు రెండు పూతలు దట్టంగా పూశాను. గంటసేపు ఆరాల్సినదాన్ని ఫ్యాను కింద పది నిమిషాలు పెట్టాను. నువ్వు చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ఆరూ వరసలో ఉన్నాయి. “బాగానే ఆరాయే” అన్నావు. నేను “ఊఁ” అన్నాను.

ఎందుకు దాచానో కూడా చెప్పాలి. ముందురోజే మన వర్క్‌షాపు యజమాని అందరి ముందూ “మాస్టారి చెయ్యి కూతురికి వచ్చింది” అన్నారు. ఆ మాట కనీసం ఒక్క వారమైనా నిలవాలనిపించింది. అంతే నాన్నా, ఇంకేమీ లేదు. ఇంత చిన్న కారణానికి అంత పని చేశానని రాస్తుంటేనే తల కొట్టేసినట్టుంది.

మూడు వారాల తర్వాత ఆయన చెవిని రుమాల్లో చుట్టుకొచ్చారు. కిక్కిరిసిన బస్సులో ఎవరి సంచో తగిలిందట. పలక ఉన్నచోటే ఉంది, చెవి మాత్రం ఊడి జనం కాళ్ళ మధ్య పడింది. ఎవరో తీసి “ఇదెవరిదండీ?” అని పైకెత్తి చూపిస్తే బస్సంతా నవ్వింది. ఆయన ఇదంతా నేలచూపులు చూస్తూ చెప్పారు. నువ్వు ఆ చెవిని తిరగేశావు. అడుగు అద్దంలా నున్నగా ఉంది, రబ్బరు పలకకి అసలు అంటనే లేదు. “వయసు మీద పడుతోంది మాస్టారూ, ఇక విశ్రాంతి తీసుకోండి” అన్నారు యజమాని. నువ్వు నీ వేళ్ళకేసి చూసుకుని “నా చెయ్యే తప్పింది” అన్నావు.

నాలుగడుగుల దూరంలో అచ్చులు కడుగుతూ నేను అంతా విన్నాను. కొళాయి కట్టేస్తే అందరూ నావైపు చూస్తారేమోనని, కడిగిన అచ్చునే మళ్ళీ కడిగాను.

నువ్వు పని మానేసి అత్తయ్య ఊరికి వెళ్ళిపోయాక ఖాళీగా ఉన్న నీ కుర్చీని నిన్న నాకిచ్చారు. కూర్చోలేకపోయాను. నిలబడే పని చేస్తున్నాను.

— చిన్నది

~

చిన్నదానికి,

నీ ఉత్తరం అందింది. మూడు రోజులు జవాబు రాయబుద్ధి కాలేదు.

పలక పగలడం పెద్ద విషయం కాదు. నేనూ డజన్ల కొద్దీ పగలగొట్టాను. నా ఉద్యోగం పోయిందని కూడా కాదు. ఈ రెండు నెలలూ నేనెలా ఉన్నానో నీకు తెలియాలి. చేతులు వణుకుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన గీతలు గీయించి, చేతులు చాపించి, “మీకేమీ లేదు పెద్దాయనా” అన్నాడు. నేను నమ్మలేదు. గడ్డం గీసుకోవడానికి భయపడి మంగలి దగ్గరికి వెళ్తున్నాను. మీ అత్త నాకు నీళ్ళ గ్లాసు సగమే నింపి ఇస్తోంది. ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టిన చేతుల్ని నాకే పరాయివి చేశావు.

కోపం తగ్గింది అని అబద్ధం రాయను. రాత్రి భోజనంలో గ్లాసు నిండుగా పొయ్యమన్నాను. ఎందుకని మీ అత్త అడిగితే నీ ఉత్తరం గురించి చెప్పేశాను. నువ్వు వద్దన్నా చెప్పాను.

నాకు రాశావు, సరే. బస్సులో నవ్వులపాలైన మనిషికి చెప్పావా?

— నాన్న

కొత్త సీసా తెప్పించావా లేదా?

~

నాన్నకి,

సీసా వచ్చింది.

సోమవారం పొద్దున్నే, అందరూ ఉండగానే యజమానికి చెప్పాను. “మీ నాన్నగారితో నేనన్న మాట ఎలా వెనక్కి తీసుకోను?” అన్నారాయన. నన్ను మళ్ళీ అచ్చులు కడగడానికి పంపారు. కండక్టరు గారి చెవి మాత్రం తన కళ్ళెదుట నేనే చేయాలన్నారు.

కండక్టరు గారింటికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, విషయం విని, లోపలికి రమ్మనలేదు. ఆయనే బయటికి వచ్చారు. నేను చెప్పిందంతా విన్నారు. “క్షమించమంటున్నావు, బాగానే ఉంది. చెవి ఎప్పుడిస్తావు?” అన్నారు.

నిన్న ఇచ్చాను. తగిలించుకునే ముందు లాగి చూసుకోమన్నాను. ఆయన చెయ్యి వెయ్యలేదు. “నువ్వే లాగు” అన్నారు. లాగాను. “ఇంకా గట్టిగా” అన్నారు. రబ్బరు సాగింది, నా గోళ్ళు నొప్పెట్టాయి, పలక వదల్లేదు. ఆయన ఇంకా రెండుసార్లు లాగించారు. తర్వాత తగిలించుకుని, అద్దం అడక్కుండా, డ్యూటీకి వేళయిందని వెళ్ళిపోయారు.

యజమాని నీకు విడిగా రాస్తున్నారు. నీ కుర్చీ ఖాళీగానే ఉంది. వస్తానంటే ఏ బస్సో రాయి, నేను స్టాండుకి వస్తాను. నా మొహం చూడబుద్ధి కాకపోతే చూడకు నాన్నా. నీ సంచి మాత్రం నా చేతికియ్యి.

— చిన్నది