నారా బుద్ధుడికి కళ్లు దిద్దిన కుంచె

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీరు చూడాలని కలలుగన్న నారా నగరం గురించి ఇక్కడ అమెరికాలో, అమ్మాయి వాళ్ల ఊరు బాతెల్ లైబ్రరీలో ఒక జపాన్ ఆవిడ చెబుతుందంటే, అమ్మాయితో వెళ్లాను.

నారా జపాన్‌కు రాజధానిగా ఉన్న కాలంలో, పన్నెండు వందల ఏళ్ల కిందట, అక్కడి పెద్ద కంచు బుద్ధుడికి కనుపాపలు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన భిక్షువట! ఆ కుంచెకు పొడవాటి దారాలు కట్టి, వాటి కొసలు చూడటానికి వచ్చిన వాళ్ల చేతికిచ్చారట; దారం పట్టుకున్న ప్రతివాళ్లూ ఆ కళ్లు దిద్దినట్టేనట. ఆ కుంచె ఇప్పటికీ భద్రంగా ఉందట.

ఆవిడ కూడా ఒక కుంచెకు దారాలు కట్టి మాకు పంచింది. నేను రెండు తీసుకున్నాను.

"అమ్మా, మనిషికి ఒకటే! చీటింగ్ చేస్తున్నావ్," అంది అమ్మాయి.

"ఒకటి మీ నాన్నది," అన్నాను.

ఆవిడ కాగితం మీద కన్ను దిద్దుతుంటే, నా చేతిలో రెండు దారాలూ కదిలాయండీ.